మేసే పొట్టేలు మాయె

జడ్చర్ల నివాసి, ఆచార్య లిపిబ్రహ్మ పరశురాములు గారి మీద నాకొక ఫిర్యాదు ఉంది. ప్రపంచంలోని సమస్త లిపులకూ తల్లి అయిన ఆదిలిపిని ఆయన మా మర్రిగూడ మండలంలో కనిపెట్టారు. దానికి నాకేమీ అభ్యంతరం లేదు. ఎక్కడో ఒకచోట పుట్టాలి కదా, మా దగ్గర పుడితే తప్పేమిటి? అయితే ఆ తల్లి నా చేనికి హద్దు చెప్పే గెట్టురాయి. ఆయన ఆ తల్లిని ట్రాక్టర్‌లో తీసుకుపోయి అద్దాల పెట్టెలో కూర్చోబెట్టారు. లోకానికి అక్షరం దొరికింది, నాకు గెట్టు పోయింది.

నేను నాలుగో తరగతిలో బడి మానేసి గొర్రెల వెంట పోయినవాణ్ని. కాబట్టి ఈ వ్యవహారంలో నా మాటకు విలువ లేదని ముందుగానే ఒప్పుకుంటున్నాను. విలువ ఉన్నవాళ్లు ఏమేం సెలవిచ్చారో మాత్రమే ఇక్కడ విన్నవిస్తాను. పాఠకులు చదువుకున్నవారు, నాకు అర్థం కానివి వాళ్లకు అర్థమవుతాయి.

ముందు రాయి సంగతి. మా బాపు, పక్క చేను ఐలేశం వాళ్ల నాయిన, ఇద్దరూ గొర్రెలు కాసుకుంటూ ఇంత చెలక దున్నుకున్నవాళ్లే. ఇద్దరిదీ ఒకే సర్వే నంబరు. ముందు తోవ పక్క మంచి భూమి, వెనుక గుట్ట, బండలు, తుమ్మలు. ఒక ఎండాకాలం ఇద్దరూ తోవ పక్క భూమి కోసం తలలు పగలగొట్టుకున్నారు. పెద్దమనుషులు కూర్చుని కొలిచి, నడుమెత్తు రాయి ఒకటి పాతించి, ఇటు మీది, అటు వాళ్లది అన్నారు. సంతకాలు పెట్టమంటే ఇద్దరికీ రావు. అప్పుడు రాళ్లు కొట్టే మనిషి దగ్గర ఉలి అడుక్కుని, మా బాపు మా దిక్కు ముఖం మీద మా గొర్రె చెవి చెక్కాడు. ఐలేశం వాళ్ల నాయిన వాళ్ల దిక్కు ముఖం మీద వాళ్ల గొర్రె చెవి చెక్కాడు.

గొర్రె చెవి అంటే పట్నం పాఠకులకు తెలియకపోవచ్చు. గొర్రెపిల్ల పుట్టిన కొద్దిరోజులకే చెవి కోసి ఇంటి గుర్తు పెడతారు. ఆ కోతను గంటు అంటాం. మా ఇంటి గొర్రెకు చెవి అంచున రెండు గంట్లు. ఐలేశం ఇంటి గొర్రెకు చెవి కొన కోసి, నడుమ ఒక తూటు. అడవిలో మంద మందలో కలిసిపోయినా చెవి చూసి ఎవరిది వాళ్లు తోలుకునేవారు. కళ్లు కనబడని ముసలివాళ్లు చెవి తడిమి, ‘ఇది జంగయ్యోళ్లది, ఇడ్సిపెట్టుండ్రి’ అనేవారు. జంగయ్య అంటే నేనే. ఈ పద్ధతిలో ఎన్నడూ అచ్చుతప్పు దొర్లినట్టు నేను వినలేదు.

కాబట్టి రాతి మీద రాసిన మాట ఒక్కటే: ఈ చెవి ఉన్న దిక్కు మాది, ఆ చెవి ఉన్న దిక్కు వాళ్లది. బాపు పోయిన తర్వాత కూడా ఆ రాత మీద ఎవరికీ సందేహం రాలేదు. తెలంగాణ వచ్చింది, కొత్త పాసుబుక్కులు వచ్చాయి, తోవ పెరిగి పెద్ద రోడ్డు అయింది, ప్లాట్ల బోర్డులు మా ఊరి పొలిమేర దాకా నడిచి వచ్చాయి. సందేహాలు అప్పుడు మొదలయ్యాయి. పాసుబుక్కులో ఎవరికి ఎంత ఉందో ఉంటుంది, ఎక్కడ ఉందో ఉండదు. ఎక్కడ ఉందో చెప్పడానికి బాపు చెక్కిన చెవి తప్ప నాకు మరొక ఆధారం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఐలేశానికి ఇంకా బాగా తెలుసు.

ఇక ఆవిష్కరణ.

పరశురాములు గారు జడ్చర్లలో పాతికేళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. కంప్యూటర్లు వచ్చి టైపుమిషన్లు తుక్కుకు పోయాక ఆయన పదివేళ్లకూ పని లేకుండా పోయింది. అక్షరాల మీద అంతకాలం కొట్టిన మనిషి కనుక, అసలు అక్షరాలు ఎక్కడివో తేల్చాలని నిశ్చయించుకున్నారు. ఒక మిఠాయి దుకాణం పైగదిలో ‘ప్రపంచ ఆదిలిపి పరిశోధక మహామండలి’ స్థాపించారు. ఆచార్య, లిపిబ్రహ్మ అనే బిరుదులు ఎవరిచ్చారని అడిగితే సభ మొత్తం ఇచ్చిందని చెబుతారు. ఆ సభలో అప్పటికి సభ్యులు ఆయన ఒక్కరే.

ఐలేశం అల్లుడు ఒకప్పుడు ఆయన దగ్గర టైపు నేర్చుకున్నాడు. ఆ గౌరవంతో ఐలేశం మనవరాలు వర్షితకు చెవులు కుట్టించిన దావత్‌కు సారును పిలిచారు. సారు మటన్ రెండుసార్లు వడ్డించుకుని, కాసేపటికి నీళ్ల సీసా పట్టుకుని చేనులోకి నడిచి, మరుగు కోసం మా గెట్టురాయి వెనకాల కూర్చున్నారు. మనిషి తీరిగ్గా ఎదురుగా ఉన్నదాన్ని చూడగలిగే స్థితి అదొక్కటే. ఆయన చూశారు. సీసా అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చారు.

“దొరికింది! దొరికింది!”

“ఏం పోయింది సారూ?” అన్నాను నేను. పొద్దటి నుంచి గొర్రెపిల్ల ఒకటి కనబడక నేనూ వెతుకుతున్నాను.

“మానవజాతి పోగొట్టుకున్నది దొరికిందయ్యా! ఆ శిల ఎవరిది?”

“సగం నాది, సగం ఐలేశం బావది.”

ఆయన నన్ను రాయి దగ్గరికి లాక్కుపోయి, వేలితో బాపు చెక్కిన గీతలు తడుముతూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆకు ఆకారం, అంచున రెండు కోతలు. అటు తిరిగి చూస్తే ఆకు ఆకారం, కొన లేదు, నడుమ చుక్క. ఇవి సుమేరులో ఉన్నాయట, ఈజిప్టులో ఉన్నాయట, సింధు ముద్రల మీద ఉన్నాయట. అక్కడ ఉన్నవి నకళ్లు, ఇది అసలు అట.

“గది మా గొర్రె చెవి సారూ,” అన్నాను. “మా బాపు చెక్కిండు.”

ఆయన నా భుజాలు పట్టుకున్నారు. “ఏమన్నావ్? చెవా?”

“ఔ సారూ, చెవే.”

“చెవి అంటే ఏమిటి? వినేది! వినేదాన్ని ఏమంటారు? శ్రుతి! శ్రుతి అంటే? వేదం! జంగయ్యా, నీ నోటితో నువ్వే చెప్పావు!”

నా నోటితో నేనేం చెప్పానో ఆ రోజు నుంచి ఆయన నోటి నుంచే వింటున్నాను.

నెల తిరగకుండా మా ఊళ్లో ‘మర్రిగూడ ఆదిలిపి అంతర్జాతీయ సదస్సు’ జరిగింది. అంతర్జాతీయం ఎలా అంటే, దుబాయ్‌లో పనిచేసి వచ్చిన ఇద్దరు ముందు వరసలో కూర్చున్నారు. రాయి పక్కన షామియానా వేశారు. ఖర్చంతా ఐలేశం పెట్టుకున్నాడు. బడి మెట్లు ఎక్కని మనిషి, ఊరి బడికి సుద్దముక్క కొనిచ్చినట్టు కూడా ఎవరూ ఎరుగరు. అటువంటివాడికి లిపుల పుట్టుక మీద అంత ప్రేమ ఎట్లా పుట్టిందా అని ఊరంతా మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను.

పరశురాములు గారి ఉపన్యాసం మీరు విని ఉండాల్సింది.

“సోదరులారా! మెసొపొటేమియా అనే మాటను విదేశీయులు ఏదో గ్రీకు మాట అంటున్నారు. మీరు నెమ్మదిగా పలికి చూడండి. మేసే... పొట్టేలు... మాయె! ఇక్కడ మేసే పొట్టేలు ఒకటి మాయమైంది. దాన్ని వెతుక్కుంటూ మన గొల్లకురుమ సోదరులు పడమటికి నడిచారు. నడిచి నడిచి రెండు నదుల నడుమ ఆగారు. ఎవరు మీరు అని అక్కడివాళ్లు అడిగితే, ఏం చెప్పారు? మేసే పొట్టేలు మాయె అని చెప్పారు. అదే ఆ దేశానికి పేరైంది!”

చప్పట్లతో షామియానా ఊగింది. పొట్టేలు దొరికిందా లేదా అని వెనక నుంచి ఎవరో అడిగారు. దాని మీద పరిశోధన కొనసాగుతోందని సారు ప్రకటించారు.

“వాళ్లు అక్కడ నీళ్ల కోసం ఒక బావి తవ్వారు. ఆ బావిలోన ఊరు కట్టుకున్నారు. బావిలోన, బావిలోన... బాబిలోన్! ఇంకొంచెం ముందుకు పోయారు. మర్రిగూడలో మంచినీళ్లు ఎరుగని మనవాళ్లకు ఒక పెద్ద నది కనబడింది. నీళ్లు! నీళ్లు! అని కేకలేశారు. నైలు నది! వాళ్లు వేసుకున్న లెక్కలన్నీ సుమారు లెక్కలు కనుక సుమేరియన్లు అయ్యారు. గొర్రెలు తోలుకుంటూ ఇంకా పోయినవాళ్లు గొర్రెకులు, అంటే గ్రీకులు అయ్యారు!”

నా పక్కన కూర్చున్న మా ఊరి పంతులమ్మ సుహాసిని మేడం నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో పెట్టుకుంది. భాషలు అట్లా పుట్టవని, చప్పుడు కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదని లేచి చెప్పబోయింది. సమయాభావం వల్ల మహిళల అభిప్రాయాలు భోజనాల తర్వాత తీసుకుంటామని వేదిక మీద నుంచి చెప్పారు. భోజనాలలో ఆమెకు వడ్డించే పని అప్పజెప్పారు.

ఆ తర్వాత లేచింది దశరథ్ గారు. పానగల్లు దగ్గర ఉంటారు, నల్లగొండ పక్షం పండితుడు. గుళ్ల చుట్టూ తిరిగి తిరిగి, కనబడిన ప్రతి రాతికీ ఒక శకం కేటాయించిన మనిషి. మర్రిగూడ నల్లగొండ జిల్లాలో ఉంది కాబట్టి ఆదిలిపి నల్లగొండ జిల్లాకు చెందుతుందనీ, పాలమూరు జిల్లావాళ్లు వచ్చి దాని మీద చెయ్యి వేయడం చెల్లదనీ ఆయన వాదన. లిపి పుట్టినప్పుడు జిల్లాలే లేవని పరశురాములు గారు గర్జించారు. జిల్లాలు లేకపోయినా నల్లగొండ ఉందని దశరథ్ గారు తిరగబడ్డారు. జడ్చర్ల అనే మాటలోంచే చార్లెస్ అనే ఇంగ్లీషు రాజుల పేరు పుట్టిందని పరశురాములు గారు బల్ల గుద్దారు. పన్నెండు వేల ఏళ్ల కిందటి జిల్లా సరిహద్దు కోసం ఇద్దరు పెద్దమనుషులు మైకు గుంజుకుంటుంటే, ఇరవై అడుగుల దూరంలో ఉన్న నా సరిహద్దు సంగతి ఎవరికీ గుర్తు లేదు. నాకూ లేదు. నేను ఆ మైకు ఎవరి చేతికి పోతుందా అని చూస్తున్నాను.

గొడవ సద్దుమణిగాక దశరథ్ గారు తన ప్రత్యేక సిద్ధాంతం వినిపించారు. తెలుగు అక్షరం గుండ్రంగా ఎందుకు ఉంది? తాటాకు చినుగుతుందని గుండ్రంగా రాశారన్నది పిల్లలకు చెప్పే మాట. అసలు కారణం వేరు. ఆయన కళ్లు షామియానా అంచున మంచం మీద కూర్చున్న మా అవ్వ గుర్వమ్మ మీద పడ్డాయి. నన్ను కన్నతల్లే, ఊరందరికీ అవ్వ కాబట్టి నేనూ అవ్వ అనే పిలుస్తాను. మా బావుల్లో ఫ్లోరిన్ తాగి తాగి ఆమె నడుం సగానికి వంగిపోయింది, మోకాళ్లు చాపలేదు. దశరథ్ గారు కర్ర తీసుకుని ఆమె వెన్ను వెంట గాలిలో గీత గీశారు.

“చూడండి! ఈ తల్లి వెన్ను వంపు చూడండి. ఆ మోకాలి సున్నా చూడండి. ఇక్కడి మనిషి వంగినందుకే ఇక్కడి అక్షరం వంగింది. ఈమె మనిషి కాదు, నడిచే వర్ణమాల!”

అందరూ ఫోన్లు తీశారు. ఒకాయన కొంచెం పక్కకు తిరగమ్మా, ‘ఇ’ సరిగ్గా రావడం లేదు అన్నాడు.

అవ్వ తల ఎత్తలేక, కళ్లు మాత్రం ఎత్తి చూసింది. “ఏం జూస్తుండ్రు బిడ్డా? గీ బాయి నీళ్లు తాగి గిట్లయిన. మీరు గూడ తాగుండ్రి, మీరు గూడ అచ్చరాలైతరు.”

పండితులు భక్తితో నమస్కరించి, తాము తెచ్చుకున్న సీసాల మూతలు తీసి నీళ్లు తాగారు.

నాకు సన్మానం జరిగింది. ‘ఆదిలిపి వారసుడు’ అనే బిరుదు, ఒక శాలువ. అబద్ధం ఎందుకు చెప్పాలి, శాలువ మంచిది. నాలుగో తరగతిలో నన్ను బెంచీ ఎక్కించిన సారు కూడా ఆ రోజు చప్పట్లు కొట్టాడు. ఇంటికి వచ్చి అద్దంలో చూసుకున్నాను. నా భార్య యాదలక్ష్మి పొయ్యి ముందు నుంచి లేవకుండానే అన్నది:

“ఐలేశం బావ ఎందుకు గంత ఖర్చు పెడుతుండో అడిగినవా?”

“చదువు మీద ప్రేమ.”

“ఏ చదువు మీద? ఆయనకు చదువొచ్చునా?”

“నీకేమెరుక. ప్రపంచమే మన గెట్టు కాడికి వస్తాంది.”

“ప్రపంచం వస్తే రానియ్. గెట్టు మాత్రం ఎటూ పోవద్దు,” అని మండుతున్న కట్టెను ముందుకు తోసింది.

గెట్టు పోయింది. ఎండకు, వానకు, గొర్రెల మూత్రానికి ప్రపంచ వారసత్వం పాడైపోతోందని సదస్సు ఆవేదన వ్యక్తం చేసింది. రాయిని భద్రపరచాలని ఏకగ్రీవ తీర్మానం జరిగింది. జడ్చర్లకా, నల్లగొండకా అన్న దగ్గర మళ్లీ మైకు గుంజుకున్నారు. నల్లగొండ పక్షం వాళ్లు లారీ మాట్లాడే లోపలే ఐలేశం తన ట్రాక్టర్ తెచ్చి నిలబెట్టాడు. డీజిల్ కూడా తనదే అన్నాడు. రాయి ఎంత దూరం పోతే అంత మంచిదని ఆయన మనసులో ఉన్నట్టు నాకు ఇప్పుడు తోస్తోంది. అప్పుడు మాత్రం నేను పూలదండ పట్టుకుని ట్రాక్టర్ ముందు నడిచాను. శాలువ కప్పుకునే నడిచాను. పొలిమేర దాటేదాకా డప్పు కొట్టించారు. ఐలేశానికి ‘శిలాదాత’ అని బిరుదు ఇచ్చారు. సగం రాయి నాది కదా, నేను సగం శిలాదాతను కానా అని అడిగాను. నువ్వు వారసుడివి, వారసులు దాతలు కారు అన్నారు.

తొలకరి పడింది. నేను గుంటక కట్టుకుని పోయేసరికి ఐలేశం ట్రాక్టర్ తోవ పక్క భూమినంతా దున్నుతోంది. రాయి పెరికిన గుంత ఎక్కడ ఉండేదో, దాని మీద నుంచే నాగలి పోయింది.

“ఐలేశం బావా, ఇటు మాది గదనే!”

ట్రాక్టర్ ఆపకుండానే ఆయన అన్నాడు. “ఎవరు జెప్పిండ్రు బామ్మర్దీ?”

“గెట్టురాయి...”

“ఏది? ఏడున్నది? చూపియ్, ఇప్పుడే దిగిపోత.”

సర్వేయర్‌ను పిలిపించాను. మంచి మనిషి, కొత్త మిషన్ తెచ్చాడు. ఆకాశంలో తిరిగే వాటితో మాట్లాడి, భూమి కొలుస్తుందట. అది పైన ఏమేం మాట్లాడిందో గాని, కింద ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని నన్నే అడిగింది.

“రాయి ఏది?” అన్నాడు సర్వేయర్.

“జడ్చర్లల ఉంది సారూ.”

“జడ్చర్లలనా? అయితే నీ చేను జడ్చర్ల దాకా ఉన్నట్టా?”

నవ్వాడు. ఐలేశం నవ్వాడు. చూడవచ్చిన నలుగురూ నవ్వారు. లెక్క ప్రకారం చూస్తే అదే నిజం. గెట్టురాయి ఎక్కడ ఉంటే అక్కడి దాకా నాదే కదా. ఆ లెక్కన మిఠాయి దుకాణం మీద కూడా నాకు హక్కు ఉంది. ఒక జిలేబీ కూడా ఎవరూ పెట్టలేదు.

చివరికి సర్వేయర్ కొలిచి, నీ విస్తీర్ణం ఒక్క గుంట కూడా తగ్గలేదు జంగయ్యా, ఫికర్ చెయ్యకు అన్నాడు. తోవ పక్క లేదు గాని, వెనుక గుట్ట మీద పూర్తిగా ఉందట. గుట్ట మీదికి పోయి చూశాను. ఉంది. బండ మీద బండ, వాటి సందున తుమ్మచెట్లు. దాని మీద ఏం పండించాలో మాత్రం మిషన్ చెప్పలేదు. శిలాలిపులు పండుతాయేమో.

ఊళ్లో పంచాయితీ పెట్టించాను. రాయి లేదు, పెద్దమనుషుల్లో ఆనాటివాళ్లు ఒక్కరూ లేరు. సాక్ష్యం ఏదని అడిగారు. నాకు ఒక ఉపాయం తట్టింది. రాతి ఫొటోలు అందరి ఫోన్లలో ఉన్నాయి. దాని మీద ఉన్న చెవి, నా గొర్రె చెవి ఒకటేనని చూపిస్తే చాలు కదా. మా మందలో అందరికంటే ముసలి గొర్రెను తాడు కట్టి పంచాయితీ ముందుకు గుంజుకొచ్చాను.

“ఏంది బామ్మర్దీ, గొర్రెతోని సాక్ష్యం చెప్పిస్తవా?” అన్నాడు ఐలేశం. “ప్రమాణం ఎట్ల చేస్తది? బా అంటదా?”

గొర్రె బా అన్నది. పంచాయితీ పడిపడి నవ్వింది.

“చెవి జూడుండ్రి,” అన్నాను. “రెండు గంట్లు. మా ఇంటి గుర్తు.”

అందరూ వంగి చూశారు. నేనూ వంగి చూశాను. ఆ చెవికి పచ్చటి ప్లాస్టిక్ బిళ్ల వేలాడుతోంది. సర్కారు గొర్రెలు పంచే పథకం వచ్చిన ఏడాది మంద మొత్తానికీ బిళ్లలు కొట్టించుకోవాలని ఎవరో అంటే, కొత్తవాటితో పాటు పాతవాటికీ నేనే ముందుండి కొట్టించాను. కంచెకు తట్టుకుని బిళ్ల ఊగి ఊగి, గంట్లు రెండూ కలిసి చినిగిపోయి, చెవి అంచు పీలికలై ఉంది. బిళ్ల మీద మాత్రం అంకెలు చక్కగా ఉన్నాయి.

“ఇందుల గంటు ఏడున్నదే?” అన్నాడు ఒక పెద్దమనిషి.

మిగతా గొర్రెలకు గంట్లే లేవు. బిళ్లలు వచ్చాక మా ఊళ్లో ఎవరూ చెవులు కోయలేదు. ఈ మధ్యకాలంలో లోకంలో ఒక లిపి చచ్చిపోయింది పాఠకులారా. దాని చావుకు ఏ పండితుడూ రాలేదు. నేనూ పోలేదు, చచ్చిపోయిందని నాకే ఆ పంచాయితీలో తెలిసింది.

పంచాయితీవాళ్లు దయగలవారు. అంత పెద్ద సారు ఉన్నారు కదా, ఆయన వచ్చి ఇది గెట్టురాయే అని ఒక్క మాట చెబితే ఐలేశాన్ని దింపుతాం అన్నారు. ఐలేశం కూడా తల ఊపాడు. నేను బస్సు ఎక్కాను.

మిఠాయి దుకాణం పైగది ఇప్పుడు గుర్తుపట్టలేనట్టు ఉంది. నడుమ అద్దాల పెట్టె, లోపల దీపం, కింద ఎర్ర మఖమలు. దాని మీద మా బాపు రాయిని అడ్డంగా పడుకోబెట్టారు. నిలువుగా ఉంటే చెవి, అడ్డంగా పడుకుంటే చేప. చేప సింధు లిపికి దగ్గర అవుతుందట. కింద పలక మీద ‘సుమారు పన్నెండు వేల సంవత్సరాలు’ అని రాసి ఉంది.

“మా బాపు పోయి ఇరవై ఏండ్లు గూడ కాలే సారూ,” అన్నాను.

“కూర్చో జంగయ్యా.” కాజా పెట్టించారు. నా కథ అంతా విన్నారు. విని నిట్టూర్చారు. “నువ్వు నీ గెట్టు గురించి ఆలోచిస్తున్నావు. నేను మానవజాతి గురించి ఆలోచిస్తున్నాను. ఇది గెట్టురాయి అని నేనంటే ఏమవుతుంది? మెసొపొటేమియా కూలిపోతుంది. బాబిలోన్ కూలిపోతుంది. నీ కొంచెం భూమి కోసం ఇన్ని నాగరికతలను పడగొట్టమంటావా?”

“ఎవరికీ చెప్పకుండ, మా పంచాయితీల ఒక్కమాట సారూ. ఐలేశం బావ ముంగట.”

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. ఆ గొంతులో ఆచార్యుడు లేడు, లిపిబ్రహ్మ లేడు. “జర సమజ్ చేసుకో జంగయ్య. మిషన్లన్నీ తుక్కుకు అమ్ముకున్న. గీ రాయి వచ్చినంక నన్ను మళ్ల సార్ అంటుండ్రు. గిది గొర్రె చెవి అని నేనే చెప్పాల్నా?”

నాకు ఆ క్షణంలో జాలి కలిగింది. పోయి పోయి నాకే కలగాలా?

జాలి ఎక్కువసేపు నిలవనివ్వలేదు ఆయన. వచ్చే వారమే లిపి రహస్యం విడుదల చేస్తున్నామని, అది చదివితే నా సమస్య దానంతటదే తీరుతుందని చెప్పి పంపారు. తీరింది. రెండు ముఖాల మీది గుర్తులూ వేరు వేరు కాదనీ, ఒకే వాక్యంలోని రెండు సగాలనీ, ఆ మొదటి మానవ వాక్యానికి అర్థం ‘అటూ ఇటూ ఒక్కటే’ అనీ మహామండలి ప్రకటించింది. తూర్పు భాషలు, పడమటి భాషలు, అన్నీ ఒక తల్లి పిల్లలే, వాటి మధ్య గెట్లు లేవు అని దాని సందేశం. పేపర్లో ఫొటోతో పడింది. వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. అమెరికాలో ఉన్నవాళ్లు దండాలు పెట్టే బొమ్మలు పంపారు.

ఐలేశం ఆ పేపర్ మడిచి జేబులో పెట్టుకుని మళ్లీ పంచాయితీకి వచ్చాడు. సుహాసిని మేడంతోనే గట్టిగా చదివించాడు.

“అటూ ఇటూ ఒక్కటే. విన్నరు గద. ఇది నేననలే. వాళ్ల బాపే రాసిండట గద, బామ్మర్దే చెప్తుండు. సొంత తండ్రి రాసింది కొడుకు కాదంటే నేనేం జెయ్యాలె?”

మేడం పేపర్ దించి, ఇది రాసినవాళ్లకు ఏ లిపీ రాదని గట్టిగానే అన్నది. అచ్చులో పడ్డ మాటకు ఎదురు చెప్పడం మంచిది కాదని పెద్దమనుషులు ఆమెను కూర్చోబెట్టారు.  ఇద్దరు చదువురాని మనుషులు తలలు పగలగొట్టుకుని, ఆఖరికి ఒప్పుకుని, ‘ఇది నీది, అది నాది’ అని రాసుకున్న రాతకు, ఇంతమంది చదువుకున్నవాళ్లు కలిసి తీసిన అర్థం అది. ఎవరి చెవి వాళ్లది అన్న ఒక్క సంగతి తప్ప దాంట్లో లేనిదేదీ లేదు: వేదం ఉంది, నైలు ఉంది, పోయిన పొట్టేలు కూడా ఉంది.

  ఆ సాయంత్రం యాదలక్ష్మి శాలువను మడతపెట్టి, గొర్రెపిల్లలకు చలి పెడుతోందని దొడ్లో పరిచింది.  చలి ఎక్కువైన రోజు మాత్రం పోయి తెచ్చుకుంటాను.

ఇప్పుడు తోవ పక్కన కొత్త రాతి కడీలు నిలబడి ఉన్నాయి, వాటికి ముళ్ల తీగ. మొదటి కడీ మీద ఎర్ర రంగుతో ఒక పేరు, దాని కింద ఒక ఫోన్ నంబరు, దాని కింద ‘ప్లాట్లు అమ్మబడును’. నాలుగో తరగతి చదువు దానికి సరిపోయింది. కూడబలుక్కోకుండా ఒక్కసారికే చదివాను. ఆ లిపికి తల్లి ఎవరో, చెల్లెలు ఎవరో ఎవరూ అడగడం లేదు. దాన్ని విప్పి చెప్పడానికి జడ్చర్ల నుంచి ఏ ఆచార్యుడూ రానక్కర లేదు. అది అందరికీ వచ్చిన లిపి. మీకూ వచ్చు. కారులో పోతూ పోతూ ఆ నంబరు ఫోన్లో ఎక్కించుకున్నవాళ్లు మీలో కూడా ఉండే ఉంటారు.

అద్దాల పెట్టె చూడటానికి పోయినప్పుడు మాత్రం నా మాట కొంచెం గుర్తుంచుకోండి. రాయి అడ్డంగా ఉంటుంది, మెడ పక్కకు వంచి చూడాలి. అప్పుడు చేప చెవి అవుతుంది. అంచున రెండు గంట్లు కనబడతాయి. పన్నెండు వేల ఏళ్ల ఆదిలిపిలోని మొదటి వాక్యాన్ని, దాని వారసుడి హోదాలో, బిరుదు నిలబెట్టుకోవడానికి నేను ఒక్కసారే చదివి వినిపిస్తాను:

రాయికి ఇటు, తోవ పక్క, ఒక ఎకరం పదకొండు గుంటలు.